రిపేరుకు వీల్లేదు

సోల్డరింగ్ కడ్డీకి గుగ్గిలం తగిలితే సన్నగా పొగ లేస్తుంది. చిన్న గదయితే ధూపం వేసినట్టు వాసన నిండిపోతుంది. పోయిన వారం భద్రాచలంలో నా షాపులో ఒక ఇన్వర్టర్ బోర్డు ముందు కూర్చుని ఉండగా ఆ పొగ కళ్లలోకి వచ్చింది. కళ్లు తుడుచుకుంటూ, "ఊదకు, ఆగు. దానంతటదే పోద్ది" అని పైకే అన్నాను. షాపులో నేను తప్ప ఎవరూ లేరు. ఆ మాట నాది కాదు, సాంబశివరావు గారిది. ఆయన పోయి రెండేళ్లయింది. ఆయన్ను తలచుకోకూడదని గట్టిగానే అనుకున్నాను గానీ, ఆయన నేర్పిన పనే చేసుకుని బతుకుతున్నదాన్ని, ఎట్లా కుదురుతుంది?

మా తండా కుసుమంచి దగ్గర. ఎలక్ట్రికల్ డిప్లొమా పాసయ్యాక ఖమ్మంలో చాలా షాపుల మెట్లెక్కాను. బిల్లులు రాసే పని ఇస్తామన్నారు, ఫోన్లు ఎత్తే పని ఇస్తామన్నారు. పనిముట్టు చేతికిచ్చింది సాంబశివరావు గారొక్కరే. వాళ్లది వైరా. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి అక్కడ పొలాలు కొనుక్కున్న కుటుంబం. ఈయన వ్యవసాయం అన్నదమ్ములకు వదిలేసి మోటార్ వైండింగ్ నేర్చుకుని, భద్రాచలంలో షాపు పెట్టారు. ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు రావడం మొదలయ్యాక యాభై ఏళ్ల వయసులో మళ్లీ పలకా బలపం పట్టినట్టు ఆ పనీ నేర్చుకున్నారు. నన్ను పనిలో పెట్టుకున్నప్పుడు మార్కులు అడగలేదు. నిచ్చెన ఎక్కుతావా అని అడిగారు. ఎక్కుతానన్నాను.

మొదటి నెలలోనే చర్ల వైపు ఒక ఊరికి వెళ్లాం. డాబా మీద నాలుగు ప్యానెళ్లు. కోతులు పడి గంతులేశాక కరెంటు రావడం లేదు. అంతకుముందు వచ్చి చూసిన ఎవరో నాలుగూ మార్చాల్సిందేనని చెప్పి వెళ్లారట. నేను నిచ్చెన మీద చెయ్యి వేయగానే ఇంటాయన, ఆడపిల్ల ఎక్కుడేంది అన్నాడు. సాంబశివరావు గారు ఆయన వైపు చూడకుండానే, "ఆమే ఎక్కుద్ది. నిచ్చెన కదలకుండా మీరు పట్టుకోండి" అన్నారు. పైకి వెళ్లాక ఒక్కో ప్యానెల్ విడిగా తీసి మీటర్ పెట్టమన్నారు. మూడు బాగానే ఉన్నాయి. నాలుగో దాని వెనక కోతులు లాగిన చోట వైరు వదులై, కొస కాలి నల్లబడి ఉంది. కొస కత్తిరించి కొత్త క్లిప్ వేశాం. అయిన ఖర్చు ఆ క్లిప్పూ, మా బస్సు చార్జీలూ, ఒక పూట కూలీ. ఇంటాయన నమ్మలేక, అంతేనా సార్ అని రెండుసార్లు అడిగాడు. తిరుగు బస్సులో సాంబశివరావు గారు నాతో, "మార్చడం ఎవడైనా మారుస్తాడమ్మా. ఎక్కడ ఆగిందో పట్టుకోవాలి. దానికే మనకిచ్చే డబ్బులు" అన్నారు. ఆ రోజు నాకు ఆయన దేవుడిలా కనిపించారు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది గానీ, నిజం అదే.

ఇన్వర్టర్ బోర్డుల పని నేర్పడానికి ఆయనకు ఏడాదిన్నర పట్టింది. పాడైన బోర్డులు నా ముందు పోసేవారు. ముందు ముక్కుతో చూడమనేవారు, కాలిన వాసన ఎటు నుంచి వస్తోందో. తర్వాత కళ్లతో, ఆఖరున మీటర్‌తో. కెపాసిటర్ అని చిన్న డబ్బాలాంటి సామాను ఒకటి ఉంటుంది, అది చెడిపోతే తల ఉబ్బుతుంది. దాన్ని చూడగానే గుర్తుపట్టడం నేను నేర్చుకున్న మొదటి విద్య. నేను తప్పు చేస్తే ఆయన తిట్టేవారు కాదు. కడ్డీ నా చేతిలోంచి తీసుకుని, మళ్లీ మొదటి నుంచి చేసి చూపించేవారు. ఆయన చెయ్యి బోర్డు మీద ఆనితే ఆనినట్టే ఉండేది, వెంట్రుకవాసి కదిలేది కాదు.

ఆ చెయ్యి వణకడం ఎప్పుడు మొదలైందో నాకు సరిగ్గా తెలియదు. ఒకరోజు కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని కడ్డీ ఆనిస్తున్నారు. నన్ను చూసి వదిలేశారు. తర్వాత టీ గ్లాసు సగమే పోయించుకోవడం, సంతకానికి బదులు షాపు ముద్ర వేయడం గమనించాను. దవాఖానాకు వెళ్దాం సార్ అని ఒకసారి అన్నాను. ఏ దవాఖానా, ఎందుకు అని ఎదురడిగారు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆ రోజుల్లోనే ఒక పెద్ద కంపెనీ ఈ చుట్టుపక్కల మండలాల సర్వీసు మా షాపుకు ఇచ్చింది. పాడైన ఇన్వర్టర్ పెట్టె తెచ్చి కొత్త పెట్టె అమ్మితే షాపుకు వాటా వస్తుంది. ఒక కాగితం ఉంటుంది, అందులో 'రిపేరుకు వీల్లేదు' అన్న చోట టిక్కు పెట్టి టెక్నీషియన్ సంతకం చేయాలి, ఒక నకలు ఇంటివాళ్లకు ఇవ్వాలి. మొదట్లో నిజంగా కాలిపోయిన వాటికే ఆ టిక్కు పడేది. నెలలు గడిచేకొద్దీ ఏ పెట్టె వచ్చినా మూత తీసి, ఒక్క చూపు చూసి, మళ్లీ మూసి, అయిపోయిందమ్మా, రాసెయ్ అనేవారు. నేను రాసి సంతకం చేసేదాన్ని. నేను చూస్తాను సార్ అని ఒకటి రెండుసార్లు అడిగాను. కంపెనీ ఒప్పుకోదన్నారు. డబ్బాశ పుట్టిందనుకున్నాను. అది సగమే నిజం.

సరోజనక్క ఇంటికి వెళ్లింది వానాకాలంలో. దుమ్ముగూడెం దగ్గర ఊరు. భర్తకు ఉబ్బసం. ఆవిరి పట్టే మిషను లేకపోతే రాత్రిళ్లు ఊపిరాడదు. ఆ ఊళ్లో ఈదురుగాలి వస్తే కరెంటు రెండు రోజులకు గానీ రాదు. అందుకే ఆమె పొదుపు సంఘంలో అప్పు తీసుకుని ప్యానెళ్లు పెట్టించుకుంది. ఆ అప్పు అప్పుడే తీరింది. ఇన్వర్టర్ ఆగిపోయి నాలుగు రోజులైంది. సాంబశివరావు గారు మూత తీశారు. స్క్రూడ్రైవర్ రెండుసార్లు కింద పడింది. నేను పక్కన మోకాళ్ల మీద కూర్చుని లోపలికి చూశాను. ఒక కెపాసిటర్ తల ఉబ్బి ఉంది. నలభై రూపాయల సామాను. ఆయనా చూశారు. నేను చూడటం కూడా చూశారు. మూత పెట్టేశారు.

"బోర్డు పోయిందమ్మా. కొత్తది పెట్టాలి" అన్నారు సరోజనక్కతో.

ఎంతవుతుందని ఆమె అడిగింది. ఇరవై ఎనిమిది వేలు. ఆమె భర్త మంచం మీద నుంచి, "జర ఇదే బాగయ్యే మార్గం లేదా సారూ" అన్నాడు. లేదన్నారు. కాగితం నా ముందుకు జరిపారు. నా పెన్ను అప్పటికే చేతిలో ఉంది. ఇంట్లో ఇద్దరూ నా వైపు చూస్తున్నారు. నేను టిక్కు పెట్టి సంతకం చేశాను. ఆయన నాకు అన్నం పెట్టిన మనిషి, నలుగురి ముందు ఎలా కాదంటాను అనుకున్నానని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ క్షణంలో అంత కూడా అనుకోలేదు. అలవాటుగా చేతిని కదిపాను, అంతే. మూడో రోజున ఆమె డబ్బు తెచ్చింది. ఈతకు దగ్గరపడ్డ బర్రెను వచ్చిన ధరకు అమ్మేసిందని కొత్త పెట్టె బిగించడానికి వెళ్లినప్పుడు తెలిసింది. కొట్టం ఖాళీగా ఉంది.

పాత పెట్టె షాపు మూలన తుక్కులో పడి ఉంది. వారం రోజులు దాన్ని చూడకుండా తిరిగాను. ఆయన బ్యాంకు పని మీద బయటికి వెళ్లిన ఒక మధ్యాహ్నం బల్ల మీద పెట్టి ఆ ఒక్క సామాను మార్చాను. ఇరవై నిమిషాల పని. బ్యాటరీకి తగిలించి ఫ్యాను పెడితే తిరిగింది. ఆయన వచ్చేసరికి ఇంకా తిరుగుతోంది. తలుపు దగ్గరే ఆగిపోయారు.

"సరోజనక్కది సార్" అన్నాను. "గా ఒక్కటే పోయింది."

"నాకు తెలియదనుకున్నావా?"

"తెలిసి గట్లెందుకు జెప్పిన్రు? మీకు చెయ్యి ఆగకుంటే నేను చేస్తుంటి గద."

ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నారు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నారు.

"నువ్వు చేస్తే ఇక నేనెందుకమ్మా ఈ షాపులో?" అన్నారు.

ఆ మాటకు నాకు ఏడుపొచ్చి ఉండాల్సింది. రాలేదు. బోర్డు బాగుకాదని ఆయన చెప్పిన ప్రతి ఇల్లూ గుర్తొచ్చింది. తన చేత కాదన్న ఒక్క మాట అనలేక ఎన్ని ఇళ్లలో ఆ అబద్ధం చెప్పారో, నేను ఎన్నింటి మీద సంతకం చేశానో. కంపెనీకి చెప్పి ఆమె డబ్బు వెనక్కి ఇప్పిద్దామన్నాను. బిగించిన పెట్టె వెనక్కి తీసుకోరన్నారు. షాపు నుంచి ఇద్దామన్నాను. అలా ఇస్తే మొన్నటిదాకా చేసినవన్నీ తప్పని ఒప్పుకున్నట్టవుతుందని, ఫ్యాను ఆపి లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు ఆ పెట్టెను బస్సులో వేసుకుని సరోజనక్క ఇంటికి వెళ్లాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టి విన్నది. తిడుతుందనుకున్నాను.

"ఆ రోజు నువ్వు గూడ చూసినవా, బిడ్డా?"

"చూసిన అక్కా."

"అవ్. నీ దిక్కు చూస్తనే ఉన్న నేను. ఏమన్న అంటవేమో అని."

లోపలికి వెళ్లి టీ పెట్టుకొచ్చింది. నల్లగా ఉంది. పాలు లేవు, ఏమనుకోకు అంది. ఆ గ్లాసు ఖాళీ చేయడానికి పట్టినంత సేపు నా జీవితంలో ఇంకేదానికీ పట్టలేదు. బాగుచేసిన పెట్టెను తర్వాత వాళ్ల చుట్టాలెవరికో ఐదు వేలకు అమ్ముకుందని విన్నాను.

నెల తిరగకుండానే పని మానేసి సొంతంగా చిన్న బల్ల వేసుకున్నాను. ఆయన ఆపలేదు. కానీ నేను బాగుచేసిన పెట్టెలు పేలతాయని, ఇళ్లు అంటుకుంటాయని వచ్చినవాళ్లకల్లా చెప్పారు. నాకు నేర్పింది ఎవరని వాళ్లలో ఒక్కరూ అడిగినట్టు లేదు. ఏడాదికి షాపు మూసి వైరా వెళ్లిపోయారు. ఆరోగ్యం బాగా చెడిందని వాళ్ల ఇంటావిడ ఫోన్ చేస్తే వెళ్లాను. ఆమె ఆయనకు చెంచాతో జావ తాగిస్తోంది. చేతులు దుప్పటి మీద వాటంతటవే ఆడుతున్నాయి. బోర్డులు చేస్తున్నావా అని అడిగారు. చేస్తున్నానన్నాను. "నేను నేర్పిందే కదా" అన్నారు, తృప్తిగా. సరోజనక్క మాట ఎత్తుతారేమోనని గంటసేపు కూర్చున్నాను. ఎత్తలేదు. నేనూ అడగలేదు. ఆయన పోయాక పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర, ఆ మనిషి ఒక్క పైసా అన్యాయంగా ముట్టలేదని ఎవరో అంటే అందరూ తలలూపారు. నా పక్కన కూర్చున్నామె, నువ్వు ఆయన శిష్యురాలివి కదా, నాలుగు ముక్కలు మాట్లాడు అంది. విస్తరి ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాను.

ఈమధ్య పాల్వంచ నుంచి ఒకాయన పెట్టె తెచ్చాడు. రెండు రోజులు కుస్తీ పట్టాను, లొంగలేదు. రిపేరుకు వీల్లేదు, కొత్తది కొనండి అంటే ఆయన మారుమాట్లాడకుండా కొనేవాడు, నాకూ నాలుగు రూపాయలు మిగిలేవి. "ఇది బాగయితదో కాదో చెప్పలేను. నాకైతే చేతకాలేదు. ఖమ్మంలో ఇంకొకరికి చూపియ్యండి" అన్నాను. రెండు రోజులు ఉంచుకుని ఇప్పుడా చెప్పేది, చేతకానిదానివి షాపు ఎందుకు పెట్టుకున్నావని పదిమందిలో అడిగాడు. ఎదురు షాపువాళ్లు నవ్వారు. చెవులు వేడెక్కిపోయాయి. నాకు చేతకాలేదని అన్న ప్రతిసారీ ఒకరో ఇద్దరో గిరాకీలు తగ్గుతారు. అరవై దాటిన మనిషికి, ఊరంతా చేతివాటం మెచ్చుకున్న మనిషికి ఆ మాట ఎంత బరువో నాకిప్పుడు తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం తగ్గలేదు. ఆయన చేసింది ఆయనతోనే పోయింది. దుమ్ముగూడెం దగ్గర ఒక ఇంట్లో, ఎక్కడో ట్రంకు పెట్టెలో, ఆ టిక్కు పెట్టిన కాగితం ఇంకా ఉండే ఉంటుంది. దాని మీద ఉన్న సంతకం ఆయనది కాదు.