ఊరంతా జ్వరమే

ఆ రోజుల్లో జనం రోగానికన్నా దాని పేరుకే ఎక్కువ భయపడేవారు. మిషన్ ఆసుపత్రిలో నర్సు శిక్షణ ముగించుకుని, లక్సెట్టిపేటకు అవతల ఓ చిన్న దవాఖానలో కొత్తగా చేరాను. తెల్ల చీర, గంజి పెట్టిన టోపీ, లోకంలోని రోగాలన్నీ నా కోసమే కాచుకుని ఉన్నాయన్న ఉబలాటం! తీరా చూస్తే రిజిస్టరు నిండా జ్వరమే. కారణం మా కాంపౌండర్ సాబు గొంతు. మందు ఇచ్చేటప్పుడు మనిషినీ రోగాన్నీ కలిపి కిటికీలోంచి కేకేయడం ఆయన అలవాటు. (ఒకసారి "మొలల మామా!" అని పిలిస్తే ఆ మామ మందు తీసుకోకుండానే ఊరు దాటాడట.) అప్పటినుంచి ఎవరిని అడిగినా జ్వరమనే చెప్పేవారు.

ఒక పొద్దున మీసాల పటేల్ తాత వచ్చాడు. ముందురోజే జ్వరమని చెప్పి ఎర్రమందు పట్టుకెళ్లాడు. "నీళ్లు బాగ తాగు" అన్న సలహా కూడా బుద్ధిగా పాటించాడు. ఇప్పుడు కూర్చోలేడు, నిలబడలేడు. ముఖమంతా చెమట, ఒళ్లు మాత్రం చల్లగా ఉంది.

"ఏమైతుంది తాతా?" అన్నాను.

"జరమే బిడ్డా," అన్నాడు పళ్లు బిగబట్టి.

ఆడపిల్లకు చెప్పడమా, అందునా నలుగురిలో! నాకు కోపమూ వచ్చింది, భయమూ వేసింది. అంతలో వెనక నిలబడ్డ ఆయన భార్య, పాపం ఆ అవ్వ, చేతిలోని ఖాళీ చెంబును బోర్లించి చూపింది. ఒక్క చుక్క రాలలేదు. తాగిన నీళ్లన్నీ లోపలే ఉండిపోయాయన్నమాట!

"డాక్టర్ సాబ్!" అని వరండా దద్దరిల్లేలా అరిచాను. డాక్టరు పరుగున వచ్చి పొత్తికడుపు మీద చేయి వేశారు. కుండలా బిగిసి ఉంది. తెరచాటున రబ్బరు గొట్టం వేసేసరికి బేసిన్‌లో మొదలైన ధార చప్పుడు వరండా చివరిదాకా వినిపించింది. ఎంతకీ ఆగదే! రెండో బేసిన్ కోసం ఉరికాను. "నా తల్లే, పానం లేసొచ్చింది" అంటూ తాత ఏడుస్తూనే నవ్వాడు. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతకన్నా మంచి ఉద్యోగం ఇంకొకటి లేదనిపించింది.

కరీంనగర్ పెద్దాసుపత్రికి పంపే చీటీ నన్నే రాయమన్నారు డాక్టరు. "మూత్రం బంద్ అని రాసి ఊకోకమ్మా. తయారే కాలేదా, తయారై ఆగిందా, దేనివల్ల, ఎప్పటిసంది, ఎంత తీసినం, అన్నీ రాయాలె."

కలం తెరిచానో లేదో, తాత చేయి అడ్డం పెట్టాడు.

"జరమని రాయి బిడ్డా. అక్కడ గూడ గిట్లనే ఒర్రుతరు గద!"

"జరమని రాస్తే అక్కడ మళ్ల నీళ్లు తాగుమంటరు తాతా."

తాత ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అద్దద్దు! ఉన్నదున్నట్టు రాయి. పెద్ద అక్షరాలతోని రాయి!"

ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బి దారి మూసుకుపోవడం వల్ల మూత్రం ఆగిందని, డాక్టరు చెప్పిన వివరాలన్నీ కలిపి రాశాను. ఆపరేషన్ అయి తిరిగొచ్చిన తాత, మా కిటికీ ముందు నిలబడి, తన రోగం తానే కేకేసి మరీ మందు అడిగాడు. కాంపౌండర్ సాబే సిగ్గుపడ్డాడు.

మొన్న ఈ వయసులో నాకూ నలుగురిలో చెప్పుకోలేని మూత్రం బాధ వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లాను. మనవడి వయసు కుర్రాడు. తలుపు తెరిచే ఉంది, బయట వరుసగా జనం. "ఏమైంది అమ్మమ్మా?" అన్నాడు. జీవితమంతా ఉన్నదున్నట్టు రాసిన నేను గొంతు తగ్గించి, "కొంచెం జ్వరం నాయనా," అన్నాను. అతను నుదురు ముట్టి చూసి, నీళ్లు బాగా తాగమన్నాడు. తాత గుర్తొచ్చాడు. నవ్వు ఆపుకోలేక, ఆ నవ్వులోనే అసలు సంగతి చెప్పేశాను.