బండ రాని రోజుల్లో కొబ్బరాకు మంట మీద బూరెలు

ఇంట్లో గ్యాస్ బండ అయిపోయి పదకొండు రోజులైంది. ఎప్పుడు ఫోన్ చేసినా "రేపు" అనే మాటే తప్ప బండ రాలేదు. కరెంటు పొయ్యి కొంటే, సరిగ్గా వంట వేళకే కరెంటు పోయేది. సగం ఉడికిన ఉప్మా ముందు కూర్చున్నప్పుడు, ఈ రెండూ అక్కర్లేని పొయ్యిని చూసి రావాలనిపించింది. కొత్తపేట దగ్గరి పల్లెల్లో పూతరేకులు ఇప్పటికీ కొబ్బరాకు మంట మీదే తీస్తారట. నాలాంటి తిండిపోతుకి అంతకంటే పెద్ద కారణం ఏం కావాలి? వెంటనే బ్యాగు సర్దేశాను.

రాజమండ్రిలో ఉదయం ఐదున్నరకి బస్సెక్కితే ఆరున్నర దాటేసరికి రావులపాలెంలో దిగాను. అక్కడి నుంచి కొత్తపేట వైపు షేర్ ఆటోకి ముప్పై రూపాయలు. పూతరేకులు తీసే ఇంటికని డ్రైవరుకి చెప్పి ఎక్కాను. దారిలో టిఫిన్ హోటళ్ళు సగం మూసే ఉన్నాయి. ఇడ్లీ దొరకదా అని అడిగితే డ్రైవరు నవ్వాడు. "పిండుందండీ, గ్యాసే లేదు. మీరెళ్ళే రేకులావిడ పొయ్యి మాత్రం ఆరదండి, ఆయ్!"

ఆవిడ పేరు సత్యవతి. యాభై దాటి ఉంటాయి. బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ పరిచి తీస్తే చాలు, పల్చటి రేకు లేచి వస్తోంది. ఎడమ చేత్తో ఎండాకు ఒక్కొక్కటే పొయ్యిలోకి తోస్తున్నారు. నేను రెండు తోశానో లేదో రేకు మాడిపోయింది. "ఆకు పెట్టడం కాదండీ, ఎప్పుడు ఆపాలో తెలవాలి" అన్నారు. ఆ ముక్క రాసుకునేలోపే వంటమేస్త్రి వెంకన్న స్కూటరు మీద వచ్చి పడ్డాడు.

"పిన్నిగారూ, నా పరువు మీ చేతుల్లో ఉందండీ!" పక్క వీధిలో గృహప్రవేశం, రెండు వందల మందికి భోజనాలు. అతను సొంతంగా ఒప్పుకున్న మొదటి పెద్ద వంట. వస్తాయన్న సిలిండర్లు రాలేదు. ఇటుకలతో పొయ్యి కట్టి దుంగలు పెడితే, బూరెలు పైన బొగ్గు, లోపల పచ్చి. "ఇయ్యాళ బూరె మాడితే రేపు నన్నెవరూ పిలవరండీ" అన్నాడు. ఆవిడ కుండ దింపేశారు. పిలవకపోయినా నేనూ వెనకాలే పరుగెత్తాను. ఇంత మజా టికెట్ కొన్నా దొరకదు!

వెళ్ళగానే ఆవిడ దుంగలన్నీ బయటికి లాగించారు. కింద కొబ్బరి పీచు డొక్కలు పేర్చి, పైన ఆకు. నూనె చప్పుడు వింటూ "ఇప్పుడు వెయ్యండి", "ఆగండి" అని చెబుతున్నారు. ఇరవై ఏళ్ళు గ్యాస్ మీద వండిన వెంకన్న చెయ్యి అలవాటుగా పొయ్యి పక్కకి వెళ్ళి, లేని గ్యాస్ నాబ్‌ను తిప్పి వస్తోంది. మేమంతా నవ్వితే అతనూ నవ్వాడు. ఆకులందించే పని నాది. కళ్ళమ్మట నీళ్ళు, ముక్కమ్మట నీళ్ళు, అయినా చెప్పలేనంత హుషారు. పదకొండింటికి మొదటి వాయి బంగారు రంగులో తేలింది. వెంకన్న ఒకటి విరిచి చూసి, ఆ ముక్క నాకే పెట్టేశాడు.

పన్నెండున్నరకి మొదటి బంతి లేచింది. ఇంటి పెద్దాయన "బూరెలు అదిరిపోయాయి మేస్త్రీ" అన్నారు. వెంకన్న పొగలోంచి సత్యవతి గారిని చెయ్యి పట్టుకు తీసుకొచ్చి, "వంట నాదండీ, మంట ఈవిడదండీ" అన్నాడు. మసి చీరతోనే రెండో బంతిలో కూర్చోబెట్టి తనే వడ్డించాడు. వచ్చే వారం పెళ్ళి వంటకీ రమ్మన్నాడు.

ఆవిడ తలెత్తారు. "వస్తానండీ. గ్యాసొచ్చేక కూడా పిలుస్తారా?"

వెంకన్న ఆవిడ విస్తట్లో ఇంకో బూరె వేశాడు. "తెలీదండీ" అన్నాడు.

"అబద్ధం చెప్పలేదు, చాలు" అని ఆవిడ బూరె తుంచారు.

పొద్దుటి నుంచీ తిరణాల్లో పిల్లాడిలా గంతులేసిన నాకు అక్కడ కొంచెం సిగ్గేసింది. నాకు పదకొండు రోజుల కొరత ఒక సరదా కథ అయింది. ఆవిడ ఏళ్ళ తరబడి ఆ వేడి ముందే కూర్చుంటున్నారు, ఆ పనితనం మాకు గుర్తొచ్చింది బండ రాని రోజునే. అయినా ఆ బూరె రుచి తలుచుకుంటే ఇప్పటికీ ఉత్సాహం ఆగదు. మీరూ తప్పక వెళ్ళండి. ఒక్క సలహా: ఉదయం ఎనిమిదిలోపు చేరుకుని, రేకులు కొనేముందు పది నిమిషాలు ఆ పొయ్యి దగ్గర కూర్చోండి. తర్వాత బేరమాడదామన్నా నోరు రాదు.