కుప్పానికి వినిపించిన మొదటి మాట

తొంభైల్లో నేను మదనపల్లెలో పోలీసు వైర్‌లెస్ ఆపరేటరుగా పనిచేశాను. ఒక గది, ఒక బల్ల, దాని మీద సెట్టు, పక్కన ఫోను. పుంగనూరు మాట సెట్టులో బాగానే వినిపించేది. కుప్పంతోనే కష్టం. దూరాభారం, మధ్యలో అన్నీ గుట్టలు. వాన పట్టిందంటే అక్కడి ఆపరేటరు గొంతు కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టు చుయ్యిమని ఆరిపోయేది. అప్పుడు కుప్పం చెప్పింది పుంగనూరు విని నాకు చెప్పేది. అలా నోళ్లు మారేసరికి, లారీ ఒకచోట బోల్తా పడితే మా పోలీసు బండి ఇంకో దారి పట్టిన రోజులు కూడా ఉన్నాయి.

ఈ అవస్థ తీర్చడానికి కొత్త సెట్లు వచ్చాయి. హార్స్లీ హిల్స్ మీద పాత ఏరియల్ కంబం పక్కనే ఎత్తైన టవరు లేపారు. దాని కొసన ఏరియల్ బిగించే పని మా మెకానిక్‌కి పడింది.

అతనిది కుప్పం. భార్య చంటిపాపతో అక్కడే పుట్టింట్లో ఉండేది. మదనపల్లెలో అతనూ నేనూ ఒకే గదిలో అద్దెకుండేవాళ్లం. సంగటి గెలికే పని అతనిది, చెనిగ్గింజల ఊరిబిండి, అదే పచ్చడి, నూరే పని నాది. ఆదివారం పనేమీ లేకపోతే నా ట్రాన్సిస్టరు విప్పి, బాగున్నదాన్ని మళ్లీ బాగుచేసేవాడు.

కొండెక్కే ముందురోజు అన్నం తింటూ చెప్పాడు.

"అన్నా, మా ఇంటామెను రేపు కుప్పం స్టేషన్‌కి రమ్మన్న్యా. ఏరియల్ బిగించినాక ఫస్టు మాట ఆమెతోనే మాట్లాడల్ల. పాప గొంతు గూడా ఇనల్ల."

"గవర్మెంటు సెట్టులో సంసారం మాటలేందప్పా? పైవాళ్లు ఇంటే?"

"టెస్టింగని సెప్తాంలే" అని నవ్వాడు.

పొద్దున్నే ఇంకో మెకానిక్‌తో, డ్రైవరుతో కలిసి జీపులో వెళ్లాడు. పాత ఏరియల్ దించగానే నా సెట్టులో ఊళ్లన్నీ మాయమై ఉత్త గాలిహోరు మిగిలింది. సాయంత్రానికి పలుకుతుందని అతను చెప్పిపోయాడు గనుక నేను నిశ్చింతగా కూర్చున్నాను.

మధ్యాహ్నం దాటాక డ్రైవరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా మీద నెత్తురు.

"ఏరియల్ బిగించేసి దిగతా ఉండాడు సార్. దిగేదానికి బెల్టు గూడా ఇప్పేసినాడు. యాడనుంచి వచ్చినాయో తేనెటీగలు, ముసురుకున్న్యాయి. రెండు సేతులూ వదిలేసినాడు."

కొండ మీద సెట్టు పనిచేయడం లేదు. అక్కడున్న ఒక్క ఫోను వానలకు పాడైంది. పిలిస్తే వచ్చేవాళ్లు ఎవరూ లేక, డ్రైవరే అతన్ని జీపు వెనక సీట్లో పడుకోబెట్టి ఘాట్ రోడ్డు దింపాడు. సగం దారి దాకా దాహమని అడుగుతూనే ఉన్నాడట. ఆసుపత్రి చేరేసరికి ప్రాణం పోయింది.

నేను వెళ్లి చూశాను. మొహమంతా వాచిపోయింది. చెవి వెనక ఒక తేనెటీగ చచ్చి అంటుకుని ఉంది. దాన్ని తీసేశాను. ఇంటివాళ్లకు నువ్వే కబురు చెప్పమని మా అధికారి అంటే తిరిగి ఆఫీసుకొచ్చాను.

ఫోను మీద చెయ్యి వేశానో లేదో, సెట్టు పలికింది. కొండ మీద ఉండిపోయిన రెండో మెకానిక్ వైరు కలిపినట్టున్నాడు. పాపం, కింద ఆసుపత్రిలో ఏం జరిగిందో అతనికి తెలియదు.

"మదనపల్లె, మదనపల్లె, ఇది కుప్పం. ఇనపడతాందా? ఓవర్."

"ఇనపడతాంది కుప్పం. ఓవర్." అలవాటుగా అనేశాను.

"పక్కగదిలో కూసోని మాట్లాడినట్టుండాదప్పా! మన మెకానిక్ యాడ? ఆయమ్మ పొద్దున్నించీ బిడ్డనెత్తుకోని ఈడే కూసోనుండాది. ఒక్క మాట మాట్లాడమను. ఓవర్."

ఆ గొంతు వెనక పాప ఏదో ఊకొడుతున్న శబ్దం కూడా వచ్చింది. అన్నేళ్లలో కుప్పం నుంచి అంత స్పష్టంగా ఎప్పుడూ వినలేదు. నేనేం చెప్పినా ఆమె చెవిన పడుతుంది.

"కుప్పం, నువ్వు ఫోను కాడికి రా. ఓవర్."

"సెట్టు ఇంత బాగుంటే ఫోనెందుకప్పా? ఓవర్."

"రాప్పా. ఫోను కాడికి రా."

ఓవర్ అనడం మరిచిపోయాను. ఫోను అందుకున్నాను.

కొన్ని నెలలకు అతని ఉద్యోగం ఆమెకిచ్చారు. పాపను తల్లి దగ్గర వదిలి మదనపల్లెకు వచ్చింది. నన్ను చూసి మొదట అన్న మాట ఇది: "సెట్టు బాగుండంగా ఫోనెందుకు అని ఆ స్టేషనాయన అడిగినాడు సూడన్నా, ఆడ్నే తెలిసిపొయ్యింది నాకు."

నేను మంచినీళ్లిచ్చాను.

సెట్టు పని నేర్పబోతే వద్దంది. "దాంట్లో వచ్చే మాటలన్నీ ఆ కొండమీదినుంచే గదా వస్తాయి. ఫోను కాడ కూసుంటాలే."

రెండువేల సంవత్సరం తర్వాత ఆపదలో ఉన్నవాళ్ల ఫోన్లన్నీ మా గదికే వచ్చేవి. ఆమె విని చీటీ రాసేది, నేను సెట్టులో బండికి చెప్పేవాణ్ణి. అలా చాలా ఏళ్లు పక్కపక్కనే పనిచేశాం. అతని మాట మా మధ్య మళ్లీ రాలేదు.

ఒక మధ్యాహ్నం సోమల దగ్గరి పల్లె నుంచి ఒకామె ఫోను చేసింది. మొగుడు మోటారు చూడ్డానికి బావిలోకి దిగాడు, పిలిస్తే పలకడం లేదు. నేను బండిని పంపాను. నా పక్కనున్న ఈమె మాత్రం ఫోను పెట్టలేదు.

"నేను లైన్లోనే ఉండానమ్మా. బండి వస్తాంది. ఆయన్ని పిలస్తా ఉండు, పేరు పెట్టి గట్టిగా పిలువు."

బండి త్వరగానే చేరింది. కానీ మనిషి దక్కలేదు. ఆ సంగతి నాకు సెట్టులో తెలిసింది, ఈమెకు ఫోనులో ఏడుపు వినపడి తెలిసింది.

"అయిపొయ్యింది గదమ్మా, ఇంక పెట్టేయ్" అన్నాను.

ఆమె ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టి నావైపు చూసింది.

"ఆయమ్మ కాడికి ఎవురైనా ఆడమనిషి రానీ అన్నా. అందాకా ఉంటా."

ఫోను అలాగే చెవికి ఆనించుకుని చాలాసేపు కూర్చుంది.