బార్బడోస్ బడి, హైమ జడ

పిల్లలతో సహా బార్బడోస్‌కు కాపురం మారుద్దామనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది అక్కడ బియ్యం దొరుకుతుందా అని. దొరుకుతుంది. పచ్చికందికాయలైతే మన సంతలో కంటే బాగుంటాయి. చింతచెట్లు కూడా ఉన్నాయి. ఎవరూ అడగనిది ఒకటి నేనే చెప్తాను: బయల్దేరే ముందు ఆడపిల్లకు గుండు కొట్టించకండి.

మా ఆయన చిత్తూరులో చక్కెర మిల్లు కెమిస్టు. ఆ దీవిలో ఒక చెరకు మిల్లువాళ్లు మూడేళ్లకు ఉద్యోగమిచ్చారు. ఇల్లు వాళ్లదే. కుటుంబానికి రానుపోను టికెట్లు మాత్రం ఒక్కసారే ఇస్తారు, గుర్తుపెట్టుకోండి. ఉద్యోగం ఖాయం కాగానే మా అత్త, “బిడ్డ తలనీలాలిస్తానని మొక్కినా, అందుకే వొచ్చింది” అంది. ఆగస్టులో ఒక తెల్లవారుజామున అందరం తిరుమల బస్సెక్కాం. మా పదేళ్ల కూతురు హైమకు నడుం దాకా జడ ఉండేది. కల్యాణకట్టలో పిల్ల ఏడవనే లేదు. “అవ్వా, సల్లగా ఉండాది” అని తల తడుముకుని నవ్వింది. నాకు మాత్రం అత్త మూడు కత్తెర్లతో సరిపెట్టింది. పరాయి దేశం పోయే ఇల్లాలు బోడితలతో పోతే ఏం బాగుంటుందని ఆమె బాధ. పిల్ల పోతే మాత్రం ఏం బాగుంటుందని మాలో ఒక్కరికీ తోచలేదు.

ప్రయాణం రోజు మద్రాసు బస్సు పొద్దున ఆరింటికి. పక్క సీట్లో కార్వేటినగరం ఆమె హైమ తల నిమిరి, “సామికిచ్చినారా? ఇంక యాడికి పోయినా బిడ్డకేం కాదమ్మా” అంది. నాకు ధైర్యం వచ్చింది. మద్రాసు నుంచి బొంబాయి, అక్కడి నుంచి లండన్. లండన్‌లో విమానం మారాక పక్కన కూర్చున్న బార్బడోస్ నర్సు ఒకావిడ గొంతు తగ్గించి, “పాపకు ఏం జబ్బు?” అని అడిగింది. జబ్బు కాదు, దేవుడి మొక్కు అని మా ఆయన వివరించాడు. ఆవిడ నమ్మినట్టు తలూపి, దారి పొడుగునా హైమకు చాక్లెట్లు ఇస్తూనే ఉంది. నేనప్పుడే అర్థం చేసుకోవలసింది.

అక్కడ బడి సెప్టెంబరులో తెరుస్తారు. నీలం గౌను, తెల్ల చొక్కా, నల్ల బూట్లు. మా ఇంటి నుంచి నడిచి పోవచ్చు, దారిలో సముద్రం కనిపిస్తుంది. పంతులమ్మలు మంచివాళ్లు. లెక్కల్లో మన పిల్లలు వెనకబడరు, వాళ్ల ఇంగ్లిషు యాసే కొన్నాళ్లు అంతుపట్టదు. హెడ్మిస్ట్రెస్ హైమ తల చూసి, అంటుజబ్బు లేదని డాక్టరు చేత రాయించుకు రమ్మంది. రాయించాం. చేర్చుకున్నారు. కానీ డాక్టరు రాసింది పిల్లలు చదవరు కదా! ఎవరూ హైమ పక్కన కూర్చునేవాళ్లు కాదు. తలకు కట్టిన రుమాలు లాగి పరుగెత్తేవాళ్లు. ఇంట్లో వసపిట్టలా వాగే పిల్ల నోరు మూసుకుంది.

ఆ దీవిలో ఒక అలవాటుంది. ఆదివారం సాయంత్రం ప్రతి ఇంటి మెట్ల మీదా తల్లులు ఆడపిల్లలను ముందు కూర్చోబెట్టుకుని, వారానికి సరిపడా సన్నని జడలు అల్లుతారు. మా పక్కింటి మేవిస్, మిల్లు క్యాంటీన్‌లో పనిచేసేది, తన ఇద్దరు కూతుళ్లకూ అల్లాక హైమను కూడా పిలిచి కూర్చోబెట్టుకునేది. అల్లడానికేముంది? ఆ బోడితలకే కొబ్బరినూనె రుద్ది, “వస్తుంది, వస్తుంది” అని తట్టేది.

జనవరిలో ఒకరోజు హైమ బడికి పోనని గుమ్మం పట్టుకుంది. ఈస్టర్ సెలవుల్లో పిల్లను తీసుకుని చిత్తూరు వెళ్లిపోతానని పట్టుబట్టాను. “ఇంకొంచెం ఓర్సుకో. జుట్టు రాకుండా యాడికి పోతుంది?” అన్నాడు మా ఆయన. “అంతలోపల బిడ్డ మనసు విరిగిపోతుంది” అన్నాను. చివరికి ఆయన మిల్లులో టికెట్లకు రాసిచ్చాడు. నేనే గెలిచాననుకున్నాను.

మా ఇద్దరికీ తిరుగు టికెట్లు వచ్చాయి. ఆఖరి ఆదివారం మేవిస్ హైమ తల తడిమి, గట్టిగా నవ్వి, పళ్లెం నిండా రిబ్బన్లు తెచ్చింది. వేలెడు జుట్టును పాయలు పాయలుగా తీసి, దీపాలు పెట్టేవేళ దాకా అల్లింది. వీధిలో పిల్లలంతా చుట్టూ చేరారు. రోజూ రుమాలు లాగిన పిల్లల్లో ఒకతె తన పచ్చ రిబ్బను విప్పి ఇచ్చింది. మర్నాడు బడి నుంచి హైమ పరుగెత్తుకొచ్చి, “అమ్మా, పాటలో నన్ను ముందర నిలబెట్టినారు! నేను రాను, ఈడే ఉంటా” అంది. మా ఆయన నా వైపు చూశాడు. పెట్టెలు సర్దేసి ఉన్నాయి. ఆ టికెట్లు అప్పుడైనా వెనక్కిచ్చేయాల్సింది. మూడు నెలలు పోట్లాడి సాధించుకున్న ప్రయాణం వద్దనడానికి నాకు మొహం చెల్లలేదు.

విమానంలో హైమ జడలు నలుగుతాయని కూర్చునే నిద్రపోయింది. చిత్తూరు బస్టాండులో మా అత్త ఎదురొచ్చి, “బిడ్డ మంచిగా తిరిగొస్తే మళ్లా తలనీలాలిస్తానని మొక్కినా” అంది సంతోషంగా. హైమ రెండు చేతులతో తల కప్పుకుని నా వెనక దాక్కుంది.

ఆ శనివారం కొండ మీద మంగలి ముందు నేను కూర్చున్నాను. “ఏందమ్మీ, నువ్వు కూర్సున్నావు?” అంది అత్త. “బిడ్డ పేరున అమ్మ ఇస్తే సామి వద్దంటాడా అత్తా?” అన్నాను. ఆమె నా కొంగు సర్ది, మంగలికి కానిమ్మని సైగ చేసింది.

చిత్తూరు బస్సులో హైమ కిటికీ పక్కన కూర్చుని నా బోడితల నిమిరింది. “వస్తుంది, వస్తుంది” అని అచ్చం మేవిస్ లాగే తట్టింది. “నీకు జుట్టు వొచ్చినాక నాయన దగ్గరికి పోదామా అమ్మా? మా బడికి?” అని అడిగింది.

మిల్లువాళ్లు రెండోసారి టికెట్లివ్వరని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పోదాం అన్నాను.