మెట్ల కింది నల్ల బీరు

నా బిడ్డ పోయిన సంగతి మీలో కొందరికి అప్పుడే తెలిసింది. మా ఇంటికి వచ్చి కూర్చున్నారు, అన్నం వండి తెచ్చారు, నా చెయ్యి పట్టుకుని వెళ్ళారు. తెలియనివాళ్ళకు ఇప్పుడు చెప్పుకోవాలి. మొన్న కార్తీకంలో ఒక పొద్దున, మేముండే నేవన్ నుంచి డబ్లిన్‌లోని ఆఫీసుకు వెళ్ళే బస్సులో, కిటికీ పక్కన కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయింది. నిద్రపోతోందనుకున్నారట పక్కవాళ్ళు. తలలో నరం చిట్లిందని డాక్టర్లు చెప్పారు. నొప్పి తెలిసి ఉండదని కూడా చెప్పారు. ఆ రెండో మాటే రోజూ నాకు నేను చెప్పుకుంటున్నాను.

నేను బడికి పోయింది తక్కువ. అక్షరాలు కూడబలుక్కుని రాస్తాను. మన తెలుగువాళ్ళ పత్రికలో ఎవరైనా చదువుకున్నవాళ్ళ చేత రాయిద్దామని మా అల్లుడు అన్నాడు. వాళ్ళు రాస్తే ఆమె ఉద్యోగం గురించి రాస్తారు, అందరికీ చేసిన సాయం గురించి రాస్తారు. అవన్నీ నిజమే. కానీ నల్ల బీరు గురించి ఎవరు రాస్తారు? అందుకే నేను కూర్చున్నాను.

నా బిడ్డ ఏటా చలికాలానికి ఇంట్లో బీరు చేసేది. దుకాణంలో దొరికే పల్చటి పసుపుపచ్చ బీరు కాదు. బెల్జియం దేశంలో మఠాల్లో ఉండే సన్యాసుల పద్ధతట. చిక్కగా, నల్లగా ఉంటుంది. అందులో నారింజ తొక్క, ధనియాలు, దాల్చినచెక్క, అనాసపువ్వు వేస్తారు. చలి మొదలుకాకముందే చేసి సీసాల్లో పోసి ఉంచితే క్రిస్మస్‌కు తయారవుతుంది. గొంతు దిగుతుంటే లోపల చిన్న కుంపటి పెట్టినట్టుంటుందని చెప్పేది.

ఆడపిల్ల బీరు చేయడమేమిటని మీకు అనిపించవచ్చు. నాకు అనిపించలేదు. మాది కల్లు గీసే ఇల్లు. నా పెనిమిటి మోకు భుజాన వేసుకుని తాళ్ళ వనానికి పోతుంటే ఈమె వెనకే పరిగెత్తేది. దించిన కల్లు లొట్టిని కింద పెడితే దాని మూతికి చెవి ఆనించి కూర్చునేది. లోపల కల్లు పొంగుతూ సన్నగా చిటపటలాడుతుంది కదా.

"నాయినా, ఇదేందో ముచ్చట పెడుతున్నది" అనేది.

"ఏమంటున్నది బిడ్డా?"

"నీకు చెప్పద్దంట."

ఆయనకొక పట్టింపు ఉండేది. ఎంత గొప్ప మనిషి వచ్చి నిలబడ్డా, మొదటి దొప్పెడు నేల మీద సాక పోసేవాడు. భూమి తల్లికీ, మనలో పోయినవాళ్ళకూ అని. వాళ్ళకు పోశాకే బతికున్నవాళ్ళకు. ఆయన పోయాక నేను కల్లు నోట పెట్టలేదు. ఎవరూ వద్దనలేదు. నాకే దిగలేదు. ఆ తర్వాతే నా బిడ్డ వచ్చి, ఒక్కదానివి ఏం చేస్తవని నన్ను ఈ దేశం తీసుకొచ్చింది.

ఇక్కడ చలికాలం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. నాలుగింటికే చీకటి. మబ్బు కిందికి దిగివచ్చి పెరట్లో కూర్చుంటుంది. బీరు చేసే ఆదివారం మాత్రం ఆ మబ్బు మా వంటింట్లోకి కూడా వచ్చినట్టుండేది. పెద్ద గిన్నెలో మొలకెత్తిన బార్లీ నీళ్ళు మరుగుతుంటే కిటికీ అద్దాలన్నీ ఆవిరి పట్టి, బయటి ఇళ్ళు, కార్లు అన్నీ మాయమైపోయేవి. అంబలి కాస్తున్న వాసన, బెల్లం పాకం వాసన, నారింజ తొక్క వాసన. ఏ ఊళ్ళో ఉన్నానో మరిచిపోయేదాన్ని. తలుపు తీస్తే అవతల మా వనం ఉంటుందేమో అనిపించేది.

తర్వాత ఆ నీళ్ళను బకెట్‌లో పోసి, ఈస్ట్ వేసి, మేడమీద హాట్ ప్రెస్‌లో పెట్టేది. నీళ్ళు కాగే ట్యాంకు ఉండే వెచ్చటి అల్మరాను ఇక్కడ అలాగే అంటారు కదా. మా తువ్వాళ్ళూ అందులోనే ఆరేవి. రెండు వారాలు మేం ముగ్గురం లవంగం వాసనతో, మాగిన అరటిపండు వాసనతో తిరిగేవాళ్ళం. లోపల బకెట్ గుడుక్ గుడుక్ మంటుండేది. నేను మాటిమాటికీ వెళ్ళి చూస్తే నవ్వేది. "దాని పని అది చేసుకుంటది అమ్మా. మన పని మనం చూసుకుందాం" అనేది. ఆ మాట అన్నిటికీ అనేది, జ్వరానికి కూడా.

మొదటి ఏడు సంగతి చెబితే మీరు నవ్వుతారు. సుగంధాలన్నీ విడివిడిగా తేవడమెందుకని, నా డబ్బాలో ఉన్న మసాలా పొడి వేసింది. నేను వేయించి దంచిన పొడి. అందులో రాతిపువ్వు ఉంది, మిరియం ఉంది, ఎండుమిర్చి కూడా ఉంది. క్రిస్మస్ ముందురోజు సీసా తీసి గ్లాసులో పోస్తే మా అల్లుడు ఒక గుక్క తాగి, నెమ్మదిగా గ్లాసు కింద పెట్టి, "పెరుగు చట్నీ ఉన్నదా?" అన్నాడు.

పక్కింట్లో ఒక పెద్దావిడ ఉంటారు. భర్త లేడు, నా వయసే. ప్రతి క్రిస్మస్‌కు కేకు చేసి, నెలల తరబడి దానికి చెంచాతో విస్కీ తాగిస్తారు. నా బిడ్డకు ఆమెతో మంచి జత కుదిరింది. ఆ బిర్యానీ బీరు ఆమెకూ ఒక గ్లాసు ఇచ్చింది. ఆమె తాగి, "ఇట్స్ గ్రాండ్, లవ్" అన్నారు. ఇటు తిరిగి చూసేసరికి పూలకుండీలో పోస్తున్నారు.

"ఈ దేశంల గ్రాండ్ అంటే నమ్మొద్దమ్మా" అని తర్వాత నాకు చెప్పింది నా బిడ్డ. "బాగున్నా గ్రాండే, బాగలేకున్నా గ్రాండే. కాలు విరిగినోన్ని అడిగినా గ్రాండ్ అనే అంటడు."

మరుసటి ఏడు నేను అలవాటు కొద్దీ ధనియాలు పెనం మీద వేయబోతే చెయ్యి పట్టుకుంది.

"వేయించకే తల్లీ. పచ్చివే దంచాలె. వేయిస్తే మళ్ళా కూర అయితది."

"పచ్చి ధనియాల నీళ్ళు ఎవరు తాగుతరే?"

"ఎవరూ తాగకపోతే మనమే తాగుదాం."

అప్పటి నుంచి బాగా కుదరసాగింది. ఏటా మొదటి గ్లాసు నా ముక్కు దగ్గరికి తెచ్చేది. కల్లు అయిందో, ఇంకా కావాలో వాసనతో చెప్పడం నాకు అలవాటు. "అయిందా అమ్మా?" అని అడిగేది. నేను వాసన చూసి అయిందనో, ఇంకో వారం ఆగమనో చెప్పేదాన్ని. తాగేదాన్ని కాదు. ఆమె బలవంతపెట్టలేదు. కానీ గ్లాసు వెనక్కి తీసుకునేటప్పుడు ఒక్క క్షణం ఆగి నా మొహం చూసేది.

ఈసారి పద్ధతి మార్చింది. ఊరి నుంచి వస్తున్న ఎవరిచేతనో తాటిబెల్లం తెప్పించింది. సన్యాసులు వేసే నల్ల చక్కెర పాకం బదులు అది వేస్తానంది.

"సన్యాసులు కోపం చేయరా?" అన్నాను.

"వాళ్ళకు తాటిచెట్లు లేక గానీ, ఉంటే వాళ్ళే వేసెటోళ్ళు." బెల్లం పగలగొట్టి ఒక ముక్క నా నోట్లో పెట్టింది. "ధనియాలు కూడా నువ్వే వేయించు. నీకు నచ్చినట్టు."

"పచ్చివే అంటివి గదా."

"పచ్చియి నాకు. ఇది నీకు చేస్తున్న. ఈసారి ఉత్త వాసన చూస్తే ఒప్పుకోను. ఒక్క గుక్కన్నా తాగాలె."

"అయినంక చూద్దాం తియ్యి" అన్నాను.

ధనియాలు సన్నటి సెగ మీద వేయించాను. కమ్మటి వాసన లేవగానే దించాను. ఆమె పక్కన నిలబడి కళ్ళు మూసుకుని ఆ వాసన పీల్చింది. తర్వాత సీసాల్లో పోసి, మూతలు బిగించి, మెట్ల కింది ప్రెస్‌లో, అంటే అల్మరాలో, వరసగా నిలబెట్టింది. వెలుతురు తగలకూడదని నా పాత నేతచీర ఒకటి కప్పింది. పిల్లలకు దుప్పటి కప్పినట్టు అంచులు లోపలికి దోపింది. "క్రిస్మస్‌కు అయితది. అయిందో లేదో నువ్వే చెప్పాలె" అంది.

అవి అక్కడ ఉండగానే ఆమె పోయింది.

మా అల్లుడు ఆ ప్రెస్ తలుపు మూసి, మళ్ళీ తీయలేదు. ఇల్లు ఊడ్చే హూవర్ కూడా అందులోనే ఉంది. అది తీయాలంటే సీసాలు కనబడతాయని హూవర్ వేయడమే మానేశాడు. నేను చీపురుతో ఊడ్చేదాన్ని. ఇద్దరం ఆ తలుపు ముందు నుంచే మేడమీదికి ఎక్కేవాళ్ళం, దిగేవాళ్ళం. నాకైతే ఒక్కోసారి లోపల నుంచి సన్నటి చప్పుడు వినిపించినట్టుండేది. ఆగి వింటే ఏమీ ఉండేది కాదు.

నెల మాసికం నాడు పక్కింటావిడ కూడా వచ్చారు. వాళ్ళలోనూ పోయినవాళ్ళను నెలకు తలుచుకుంటారట. కొవ్వొత్తి తెచ్చి ఫొటో ముందు పెట్టారు. ఆ రోజు విస్తట్లో నా బిడ్డకు ఇష్టమైనవన్నీ పెట్టాం. గారెలు పెట్టాం, చేపల పులుసు పెట్టాం. పక్కన గ్లాసు ఖాళీగా ఉంది. నేను అల్లుడి వైపు చూశాను.

"వద్దత్తమ్మా" అన్నాడు. "అవ్వే మిగిలినయి. తాగితే అయిపోతయి. ఇది ఏండ్లు నిలుస్తదని తనే చెప్పింది. ఉంచుకుందాం."

"ఉంచుకోని ఏం చేస్తం కొడుకా?"

"ఏం చేయం. ఉంటయి."

మా ఇంట్లో పొద్దున దించినది సాయంత్రానికి ఎవరో ఒకరి గొంతులోకి పోవాలి. దాచుకునే అలవాటు మాకు లేదు. కానీ అతని భయమూ నాకు అర్థమైంది. ఆఖరి సీసా ఖాళీ అయిన మరుసటి రోజు ఎలా ఉంటుందో అతను అప్పుడే చూస్తున్నాడు. నాకు మరో భయం. ఒక్క గుక్కన్నా తాగమన్నది. చూద్దామన్నాను. అదలా మిగిలిపోతే నేనెక్కడ దాచుకోవాలి?

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం వచ్చింది. నాలుగు దాటింది, మంచు గడ్డి మీద తెల్లగా పేరుకుంది. పక్కింటి కిటికీలో కొవ్వొత్తి వెలిగింది. దారిన పోయేవాళ్ళెవరైనా ఇంట్లోకి రావచ్చని ఆ ఒక్క సాయంత్రం పెడతారట. కాసేపటికి మా తలుపు తట్టారు. పెద్దావిడ ఒక చేత్తో కేకు డబ్బా పట్టుకున్నారు. ఇంకో చేతిలో కాగితం చుట్టిన గ్లాసు. వెడల్పు మూతి, పొట్టి కాడ ఉన్న గ్లాసు. ఏటా తను చేసిన బీరు ఆ పెద్దావిడ అందులో తాగాలని నా బిడ్డ కొనిచ్చింది. కడిగి, తుడిచి, తిరిగి ఇవ్వడానికి తెచ్చారు.

ఆమె అల్లుడితో ఏదో చెప్పారు. నాకు అర్థం కాలేదు. ఇన్నాళ్ళూ మా ఇద్దరి మధ్య మాట నా బిడ్డే మోసేది. అల్లుడు గ్లాసు తీసుకున్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు. గ్లాసులు పెట్టేది కూడా ఆ మెట్ల కిందే. చాలాసేపు ఆ గ్లాసును వేళ్ళ మధ్య తిప్పాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అయి ఉంటదా, అత్తమ్మా?"

నా బిడ్డ అడిగే మాట. గొంతు వేరు, అంతే.

"తీస్తే గదా తెలిసేది" అన్నాను.

తలుపు అతనే తీశాడు. చీర నేను తీశాను. సీసా మూత తీస్తే బుస్సుమని ఒక చిన్న ఊపిరి వదిలింది. గ్లాసును వంచి, అడుగున పేరుకున్న మడ్డి కదలకుండా, నా బిడ్డ పోసినట్టే మెల్లగా పోశాడు. దీపం ముందు పెడితే చింతపండు రసంలా ఎర్రటి నలుపు. పైన మీగడ రంగు నురుగు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ముందు నారింజ వచ్చింది. వెనకే నేను వేయించిన ధనియాలు. అన్నిటి కింద, ఎంతో దూరం నుంచి, పొయ్యి మీద కాగుతున్న తాటిబెల్లం.

వెనక తలుపు తీసి పెరట్లోకి వెళ్ళాను. వాళ్ళిద్దరూ వెనకే వచ్చి మెట్టు మీద నిలబడ్డారు. గ్లాసు అల్లుడి చేతికిచ్చి, నేల చూపించాను. అతను కొంచెం వంచి సాక పోశాడు. పెద్దావిడ ఎవరూ చెప్పకుండానే గుండె మీద శిలువ గుర్తు వేసుకున్నారు.

తర్వాత నేను తాగాను. ఒక గుక్క. చేదు ముందు తగిలి, వెంటనే తీపి అయింది. లోపలికి దిగుతూ నిజంగానే కుంపటి పెట్టినట్టుంది. నా పెనిమిటి చేతిలోని తాటాకు దొప్ప, నా బిడ్డ వేళ్ళకంటిన నారింజ వాసన, రెండూ ఒకే గొంతులోంచి దిగాయి.

"అయింది" అన్నాను. "అయింది బిడ్డా."

అల్లుడు తాగాడు. చట్నీ అడగలేదు. పెద్దావిడ మిగిలినదంతా తాగారు. గ్రాండ్ అనలేదు. ఖాళీ గ్లాసు మళ్ళీ ముందుకు చాపారు.

మిగిలినవి ఏటా క్రిస్మస్ ముందురోజు ఒక్కొక్కటి తీద్దామని అల్లుడు అన్నాడు. సరేనన్నాను. వాళ్ళు లోపలికి వెళ్ళి కేకు కోస్తున్నారు. నేను పెరట్లోనే కాసేపు నిలబడ్డాను. మా ఊరి నేల అయితే పోసిన వెంటనే పీల్చుకునేది. ఇక్కడి నేల మంచుకు గట్టిపడి ఉంది. సాక పోసిన చోట నురుగు ఇంకా ఇంకలేదు. పక్కింటి కొవ్వొత్తి వెలుతురులో తెల్లటి గడ్డి మీద గుండ్రంగా నిలిచి ఉంది. మోకాళ్ళ మీద వంగి దానికి దగ్గరగా చెవి పెట్టాను. సన్నగా, ఆగకుండా, చిటపటమంటోంది.