విప్పిన కారు

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏడాది. శంషాబాద్‌లో కిరాయి కారు తోలే బాలమల్లు, గడ్డ ఎక్కేటప్పుడు బండి ఆయాసపడొద్దని, ఇంజన్లోకి గాలిని బలంగా నెట్టే సూపర్‌చార్జర్‌ను మిలిటరీ పాతసామాన్లలో వెతికి తెచ్చాడు. తానే బిగిద్దామని పొద్దున్నే రేడియేటరు, పైపులు, బెల్టు విప్పి గోనెపట్టా మీద పరిచాడు.

అప్పుడే పక్కింటి కొండమ్మ ఉరికొచ్చింది. "అన్నా, మా బిడ్డ రేణుకకు నొప్పులొస్తున్నయి. జర పట్నం దవాఖానకు తోల్కపో."

"బండి విప్పిన చెల్లె," అన్నాడు.

ఎట్లనో అన్నీ మళ్లీ బిగించాడు గానీ, విప్పేటప్పుడు చిరిగిన రబ్బరు పైపులోంచి రేడియేటరు నీళ్లు పోసినవి పోసినట్టే కారిపోయాయి. ఇగ ఎడ్లబండి కట్టారు. అతను వెనకే నడిచాడు.

పట్నం తొవ్వలోని సాతంరాయి ఊరు దాటకముందే కాన్పయింది. రేణుక బతికింది, పసిగుడ్డు ఏడవనే లేదు. కొండమ్మ పసిగుడ్డును అతనికి అందించింది. గ్రీజు చేతులతో ఎట్ల పట్టుకోవాలో తెలియక బాలమల్లు అట్లనే నిలబడిపోయాడు.