లూపవ్వకు బంతిపూల తొవ్వ

దుండిగల్‌లో ఏడింటి బస్సు ఎక్కేసరికి ఇంకా మంచు విడలేదు. మా అవ్వ పోయి ఏడాది. రావల్కోల్‌లో మా చిన్నాయిన ఇంట్లో సంవత్సరీకం. నాతోపాటు కామేశ్వరి గారు వచ్చారు. మా కాలనీలో ప్రతి గురువారం జరిగే పారాయణానికి ఆవిడే పెద్ద. కాకినాడ వైపువారు. డెబ్బై దాటినా శ్లోకంలో ఒక్క అక్షరం తడబడరు. "మీ అవ్వగారి పేరిట ఒక అధ్యాయం చదివి వద్దాం" అని ఆవిడే అన్నప్పుడు కాదనలేకపోయాను.

ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ సున్నా. గండిమైసమ్మ దగ్గర బస్సు మారి మేడ్చల్‌లో దిగేసరికి ఎనిమిదిన్నర దాటింది. నేను బండి మీద ఇడ్లీ తిన్నాను. బయటి తిండి ముట్టని కామేశ్వరి గారు ఫ్లాస్కులో తెచ్చుకున్న పాలు తాగారు. అక్కడి నుంచి రావల్కోల్‌కు బస్సులు తక్కువ. షేర్ ఆటో ఎక్కాలి, అది నిండేదాకా ఓపిక పట్టాలి.

మా ఎదుట ఒక ముసలామె కూర్చుంది. ఆమె కాళ్ళ దగ్గర ఖాళీ గంపలు, ఒళ్ళో మాత్రం నిండా బంతిపూల గంప.

"ఎవరింటికి బిడ్డా?"

"మా చిన్నాయిన నర్సింలు ఇంటికి."

"లూపవ్వ మనుమరాలివా నువ్వు? నేను మల్లవ్వను, పక్కింటిదాన్ని. మార్కెట్ల అన్నీ అమ్మిన, గీ గంప మాత్రం అమ్మలే. ఇది మీ అవ్వదే."

"లూపవ్వా? అదేం పేరమ్మా?" అని కామేశ్వరి గారు నన్ను అడిగారు.

"ఊళ్ళో అలా పిలుస్తారండీ" అని చూపు బయటికి తిప్పుకున్నాను.

మా అవ్వ మెక్సికో మనిషి. తాత మక్కజొన్న విత్తనాల పని మీద ఆ దేశం వెళ్ళి, రెండేళ్ళకు ఆమెను పెళ్ళాడి తీసుకొచ్చాడు. తెలుగు ఆమెకు చేనులో, కూలీల నోట వచ్చింది. అందుకే రావల్కోల్‌లో పుట్టినవాళ్ళకంటే గట్టి యాసలో తిట్టేది. చివరిదాకా రెండు జడలు వేసుకుని, వాటి కొసలు ఎర్ర రిబ్బనుతో కలిపి కట్టుకునేది. ఎవరైనా కొత్తవాళ్ళు ఆమెను వింతగా చూస్తే, "మక్కలు మా ఊరివే, మిరపకాయ మా ఊరిదే, బంతిపువ్వు మా ఊరిదే. గవన్నీ ముందుగాల్నే వచ్చి మీ ఇండ్లల్ల కూసున్నయ్. నేనే జర ఆలస్యంగ వచ్చిన" అనేది. హనుమంతుడి గుడిలో భజనకు కూర్చుని తాళం తప్పి చప్పట్లు కొట్టేది. ఇంటికొచ్చి నీలిముసుగు మేరీమాత పటం ముందు జపమాల తిప్పేది. రెండింటికీ మధ్య ఆమెకు గోడ కనపడలేదు. ఆ గోడ నాకు కనపడింది.

ఏటా ఈ రోజుల్లో ఆమె పోయినవాళ్ళ కోసం బంతిరెక్కలు పోసేది. ఆ వాసన పట్టుకుని వాళ్ళు ఇల్లు వెతుక్కుంటారని ఆమె నమ్మకం. తాత పోయాక తాతకు పోసింది. మల్లవ్వ కొడుకు పోతే వాళ్ళ వాకిట్లోనూ పోసింది. సున్నపుతేటలో ఉడికించిన మక్కలు రుబ్బి రొట్టెలు చేసి పటం ముందు పెట్టేది.

నేనేమో నాలుగు రోజుల ముందే ఫోన్ చేసి చెప్పాను. "చిన్నాయినా, పూలు పొయ్యద్దు. మాత పటం లోపల పెట్టు. సున్నం రొట్టెలు చెయ్యద్దు. మా పారాయణం పెద్దమ్మ వస్తాంది, ఆచారం గల్ల మనిషి." ఆయన "సరే బిడ్డా" అన్నాడు.

తొమ్మిదిన్నరకు చేరాం. అప్పటికే అయ్యగారు తంతు ముగించి వెళ్ళిపోయారు. నేను కోరినట్టే ఇల్లు బోసిగా ఉంది. అవ్వ ఫోటో, గంధపు దండ, దీపం. మేము చాప పరిచి అధ్యాయం మొదలుపెట్టాం. సగంలో వాకిట్లో మాటలు వినిపించాయి.

"ఆగు మల్లవ్వా, ఇయ్యాల పూలు వద్దు" అంటున్నాడు చిన్నాయిన.

"ఎందుకొద్దు? పోయినంక మొదటి ఏడు. తొవ్వ లేకుంటే లూపవ్వ ఎట్లొస్తది?"

"బిడ్డ వద్దన్నది. వాళ్ళ పెద్దమ్మకు పట్టింపంట."

కామేశ్వరి గారు పుస్తకం మూసి వాకిట్లోకి వెళ్ళారు. మల్లవ్వను అడిగి సంగతంతా తెలుసుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు. గొంతు పెంచలేదు.

"నా పేరు చెప్పి ఆపావా? నన్నడిగావా అమ్మా?"

అడగలేదు. ఆవిడకు పట్టింపని నేను ఊహించుకున్నాను. ఊహించుకోవడం నాకు వీలుగా ఉంది. అవ్వను చూసి సిగ్గుపడింది నేను. ఆ సిగ్గును తీసుకెళ్ళి ఒక పెద్దావిడ ఆచారం మీద వేశాను. వాకిట్లో నలుగురూ నన్నే చూస్తున్నారు. చిన్నాయిన ఒక్కడే నేల చూస్తున్నాడు.

మల్లవ్వ గంప నా చేతికిచ్చి, "పొయ్యి మరి" అంది.

పూలు తుంచి, ఫోటో దగ్గర మొదలుపెట్టి గడప దాకా పోశాను. చిన్నాయిన మెల్లగా దగ్గరికొచ్చాడు. "అట్ల గాదు బిడ్డా. లోపల్నించి బయటికి పోస్తే సాగనంపినట్లయితది. రోడ్డు కాన్నించి ఇంట్లకు పొయ్యాలె."

వంగి రెక్కలన్నీ ఏరాను. ఎవరూ సాయం రాలేదు. రాకపోవడమే న్యాయం. తర్వాత రోడ్డు మీదికి వెళ్ళి, ట్రాక్టర్ పోయేదాకా ఆగి, అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. గడప దాటి ఫోటో దాకా పోశాను. చిన్నాయిన లోపలికెళ్ళి మాత పటం తెచ్చి అవ్వ పక్కన నిలబెట్టాడు. చిన్నమ్మ పొయ్యి వెనక గుడ్డ కప్పి దాచిన రొట్టెలు తీసుకొచ్చింది. నేను వద్దన్నా చేసిందన్నమాట. కామేశ్వరి గారు ఆగిన చోటి నుంచి అధ్యాయం పూర్తి చేశారు. "నేను తినను, ఏమీ అనుకోకు" అని చిన్నమ్మకు చెప్పి, ఒక రొట్టెను తన చేత్తో అవ్వ ముందు పెట్టారు.

మధ్యాహ్నం మూడింటికి బయల్దేరాం. తొవ్వ తొక్కకుండా గోడ పక్కగా నడిచాను. కామేశ్వరి గారు శామీర్‌పేట చెరువు చూస్తానంటే చిన్నాయిన మమ్మల్ని ఆటోలో అక్కడిదాకా తీసుకెళ్ళి, అలియాబాద్‌లో పనుందని వెళ్ళిపోయాడు. చెరువు నిండుగా ఉంది. గాలి బాగుంది. కాసేపుండి మేడ్చల్ బస్సు ఎక్కాం. ఇదే దారిన వెళ్ళేవారికి చెప్పగలిగింది ఒకటే. రావల్కోల్‌లో చూసే వింతలేవీ లేవు. కానీ ఎవరి ఇంటికి వెళ్తున్నారో వాళ్ళ పేరు పలకడానికి సిగ్గుపడితే మాత్రం దారి చాలా పొడుగు.

బస్సులో కామేశ్వరి గారు అడిగారు. "ఏడాదిగా ప్రతి గురువారం పారాయణంలో, పోయినవాళ్ళ పేర్లు చదువుతున్నాం. నువ్వు ఉత్త 'మా అవ్వ' అని ఊరుకున్నావు. అసలు పేరేంటి?"

"మరియా గ్వాదలూపె."

కొత్త శ్లోకం నోటికి పట్టేటప్పటిలాగా ఆవిడ రెండుసార్లు మెల్లగా అనుకున్నారు. "ఈ గురువారం నువ్వే చదువు. అందరికీ వినపడాలి."

"చదువుతానండీ" అన్నాను. అంతమంది మధ్య ఆ పేరు పలకాలంటే నాకింకా భయంగానే ఉంది. ఆ భయానికే సిగ్గుపడుతూ, చేతులకు బంతివాసనతో, చీకటిపడే వేళకు దుండిగల్‌లో దిగాను.